కార్బురేటర్‌లోంచి టప్పుమనడం, వేడెక్కాక ఆగిపోవడం: ముందు ఏది చూడాలి?

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్, పాయింట్ల (కరెంటుని కలిపి విడదీసే లోహపు మొనల) డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్‌ని సిలిండర్లకి పంచేది, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ ఒకటే. చాలాకాలం కదలకుండా నిలబడిపోయిన బండి. చల్లగా ఉన్నప్పుడు చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచేది) లాగితే చక్కగా స్టార్టవుతోంది. చోక్ లోపలికి నెట్టేశాక యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్‌లోంచి టప్పుమని వెనక్కి తంతోంది. వేడెక్కాక ఎక్కడైనా ఆపితే స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నిలబడకుండా ఆఫ్ అయిపోతోంది. వేగంగా పోతూ కాలు తీసేస్తే సైలెన్సర్లో ఢామ్మంటోంది. కార్బురేటర్ కిట్ వేశారు, ప్లగ్గులు మార్చారు, స్లోలో గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూని అటూ ఇటూ తిప్పారు, ఇప్పుడది మొదట ఎక్కడుండేదో కూడా గుర్తులేదు. కొత్త కార్బురేటర్ కొనాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడే కొనకండి. కార్బురేటర్ జబ్బనుకున్నవాటిలో సగం కరెంటు జబ్బులే అని పాత మెకానిక్కులు ఊరికే అనరు. పైగా మీ బండిలో ఒకటి కాదు, రెండు మూడు లోపాలు కలిసి ఉన్నట్టున్నాయి. నిలబడిపోయిన బండికి అది మామూలే. అందుకే ఒకటి సరిచేసినా ఫలితం కనబడక మనిషికి విసుగొచ్చి ఇంకో స్క్రూ తిప్పుతాడు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోవాలి. కార్బురేటర్‌లోంచి వచ్చేదీ సైలెన్సర్లోంచి వచ్చేదీ పుట్టుకలోనే వేరు.

కార్బురేటర్‌లోంచి వెనక్కి తన్నిందంటే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకున్న సమయానికి సిలిండర్లో మంట ఉందని అర్థం. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో పెట్రోలు తగ్గి మరీ పల్చబడితే అది నెమ్మదిగా మండుతుంది. పవర్ స్ట్రోక్ అయిపోయి, ఎగ్జాస్ట్ స్ట్రోక్ కూడా ముగిసి, ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకునేటప్పటికి ఇంకా ఎక్కడో మంట మిగిలి ఉంటుంది. కొత్తగా వస్తున్న గాలీ పెట్రోలూ దానికి అంటుకుని మానిఫోల్డులోకి (కార్బురేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టంలోకి) వెనక్కి తంతాయి. ఇన్‌టేక్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోయినా ఇంతే. ప్లగ్ వైర్లు తారుమారైనా, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో కరెంటు పక్క సిలిండర్ టెర్మినల్‌కి దూకినా, వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్లో స్పార్క్ పడి అదే జరుగుతుంది.

సైలెన్సర్లో పేలుడు అలా కాదు. సిలిండర్లో కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు ఆవిరి వేడి పైపులో ఆక్సిజన్ దొరకగానే అంటుకుంటుంది. స్పార్క్ మిస్సయినా, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) లేటైనా, మిశ్రమం మరీ చిక్కనైనా, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయినా ఇది వస్తుంది. కాలు తీసినప్పుడు మాత్రమే వస్తే దాని సంగతి వేరు, తర్వాత చెప్తాను.

మీ దగ్గర పైసా ఖర్చులేని పరీక్ష పరికరం ఒకటుంది, చోక్. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, టప్పుమంటున్న సమయంలోనే చోక్‌ని పావు వంతు లాగి పట్టుకుని మళ్లీ తొక్కి చూడండి. శబ్దం పోయి పికప్ బాగుపడితే మిశ్రమం పల్చగా ఉందన్నమాట. గాలి ఎక్కువ దూరుతోందో, పెట్రోలు తక్కువ వస్తోందో తేలాలి. చోక్ లాగినా తేడా లేకపోతే స్పార్క్ వైపు, వాల్వుల వైపు చూడాలి. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పల్చటి మిశ్రమాన్ని అంటించడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి. స్పార్క్‌కి వోల్టేజ్ పెంచే కాయిలో, పాయింట్లకి తోడుండే కండెన్సరో నీరసించి ఉంటే, చోక్ లాగి మిశ్రమం చిక్కబరిచినప్పుడు ఆ నీరసం కూడా కనబడకుండా పోతుంది. చోక్‌తో బాగుపడిందని నేరుగా కార్బురేటర్ మీద పడిపోకూడదనేది అందుకే. కరెంటు సంగతి తేలాకే పెట్రోలు సంగతి.

పని మొదలుపెట్టేముందు కొన్ని జాగ్రత్తలు. వెనక్కి తంతున్న ఇంజిన్‌ని ఎయిర్ ఫిల్టర్ తీసి రేస్ చేస్తూ దాని మీదకి వంగకండి. ఆ డబ్బా దుమ్ము ఆపడమే కాదు, మంట బయటికి రాకుండా కూడా ఆపుతుంది. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. స్టార్ట్ కాకపోతే కార్బురేటర్లో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే అలవాటు కొందరికుంది, ఈ స్థితిలో ఉన్న ఇంజిన్‌కి అది అస్సలు చేయొద్దు.

ఇక అసలు పని. వాల్వులతో మొదలుపెడదాం. వాల్వ్ మూసుకోని ఇంజిన్‌కి ఎంత ట్యూనింగ్ చేసినా వృథా. కంప్రెషన్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ చూడండి. ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ వైరు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు తిరిగేలా సెల్ఫ్ కొట్టండి. అంకె ఎంతొచ్చిందనేది కాదు, నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. 10, 15 శాతం లోపల ఉంటే ముందుకెళ్లండి. ఒకటి బాగా పడిపోతే దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోతే ఎక్కువగా హెడ్ గ్యాస్కెట్.

చాలాకాలం నిలబడిన ఇంజిన్లో తెరిచి ఉండిపోయిన వాల్వు సీటు మీద తుప్పు మచ్చ పడుతుంది. పాత పెట్రోలు జిగురు పట్టి వాల్వు కాడ అది కదిలే గైడ్‌లో బిగుసుకుంటుంది. ట్యాపెట్ గ్యాపులు (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) కూడా ఇప్పుడే సరిచేయండి, తయారీదారు చెప్పిన అంకె ప్రకారం, చల్లగా చూడమంటే చల్లగా, వేడిగా చూడమంటే వేడిగా. ట్యాపెట్ శబ్దమే లేని పాత ఇంజిన్‌ని చూసి మురిసిపోవద్దు. గ్యాప్ లేక బిగుసుకున్న ట్యాపెట్లు కూడా శబ్దం చేయవు, వాల్వుని మాత్రం కాలుస్తాయి.

ఒకే సిలిండర్ దగ్గర, లయ తప్పకుండా, కార్బురేటర్‌లోంచి టప్ టప్‌మంటూ ఉంటే రాకర్ కవర్ విప్పి, సెల్ఫ్ కొడుతూ రాకర్లు లేచే ఎత్తులు చూడండి. ఎగ్జాస్ట్ వాల్వుని లేపే క్యామ్ ముక్కు అరిగిపోతే కాలిన వాయువు బయటికి పోలేక, ఇన్‌టేక్ తెరుచుకోగానే కార్బురేటర్‌లోకి తంతుంది. దీన్ని కనిపెట్టలేక కార్బురేటర్లు మార్చిన ఇంజిన్లు చాలా ఉన్నాయి. మీ లక్షణం అలా అనిపించడం లేదు, అయినా కవర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి చూడటానికి ఒక్క నిమిషం.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్. నా లెక్కలో మీ సమయంలో సగం ఇక్కడే గడవాలి.

పాయింట్ల గ్యాప్ చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లకి 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ పుస్తకంలో ఎంతుంటే అంత పెట్టండి. పాయింట్ల ముఖం మీద గుంటా బొడిపే లేచి ఉంటే ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) అబద్ధం చెప్తుంది, అలాంటప్పుడు డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) కొలిచే మీటరే నమ్మాలి. నాలుగు సిలిండర్లకి ఎక్కువగా 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది. నిలబడిన బండి పాయింట్ల మీద కంటికి కనబడని పొర పేరుకుంటుంది. కొత్త పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. శుభ్రమైన తెల్ల కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి లాగితే రెండూ పోతాయి. క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ ముక్కకి గ్రీజు పూసారో లేదో చూసుకోండి. పూయకపోతే అది త్వరగా అరిగి గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ తగ్గితే టైమింగ్ లేటవుతుంది, పెరిగితే ముందుకు జరుగుతుంది. కనుక ఎప్పుడూ పాయింట్లు ముందు, టైమింగ్ తర్వాత. టైమింగ్ పెట్టాక పాయింట్లు ముట్టుకుంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

కండెన్సర్ విషయంలో కొంచెం నిలబడి మాట్లాడాలి. దాని సామర్థ్యం సుమారు 0.2 మైక్రోఫారడ్లే, చిన్న డబ్బా, ఎవరూ పట్టించుకోరు. అది పోతే పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు అక్కడే నిప్పురవ్వగా వృథా అయి కాయిల్లో చాలినంత వోల్టేజ్ పుట్టదు. స్పార్క్ పసుపుపచ్చగా, సన్నగా వస్తుంది. ఇంజిన్ దగ్గుతుంది, రెండు వైపులా పేలుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ మామూలే. చీకట్లో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని పాయింట్ల మధ్య చూడండి. కాయిల్ నుంచి వచ్చే పెద్ద వైరుని ముందే ఇంజిన్ బాడీకి ఆనించి గట్టిగా కట్టెయ్యండి. పాయింట్ల దగ్గర చిన్న నీలి చుక్క మామూలు, కొవ్వొత్తి వెలిగినట్టు కనబడితే కండెన్సర్ మార్చండి. కొత్తది కదా అని నమ్మకండి. ఇప్పుడు దొరుకుతున్న కొత్త కండెన్సర్లలో నాణ్యత లేనివి బోలెడు. పాతదాంట్లో మంచిది ఉంటే పారేయకుండా దాచుకోండి.

క్యాప్ తీసినప్పుడే ఇంకో మూడు చూడండి. ఒకటి, పాయింట్ల ప్లేటుకి ఎర్త్ ఇచ్చే సన్నటి అల్లిక వైరు, బయటినుంచి లోపలికొచ్చే చిన్న వైరు. ఇవి వ్యాక్యూమ్ అడ్వాన్స్ (మానిఫోల్డు పీల్పుతో స్పార్క్‌ని ముందుకు జరిపేది) కదిలినప్పుడల్లా వంగుతూ లోపలే తెగుతాయి. పైన తొడుగు మాత్రం నిక్షేపంగా కనబడుతుంది. కొంచెం తొక్కినప్పుడు ఒక్కసారి దగ్గి, ఆగి, మళ్లీ అందుకుంటుంటే ముందు దీన్నే అనుమానించాలి. వైరుని మెల్లిగా లాగి చూడండి, రబ్బరులా సాగితే లోపల తెగినట్టే.

రెండు, రోటర్‌ని (క్యాప్ కింద తిరిగే ముక్కని) చేత్తో తిరిగే దిక్కుకి తిప్పి వదలండి. స్ప్రింగు లాగినట్టు చటుక్కున వెనక్కి రావాలి. అస్సలు కదలకపోయినా, వెనక్కి రాకపోయినా కింద, వేగంతోపాటు స్పార్క్‌ని ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నాయి. నిలబడిపోయిన బండ్లలో నేను తరచుగా చూసే లోపం ఇదే. స్లోలో టైమింగ్ సరిగ్గానే కనబడుతుంది, వేగం పెరిగితే స్పార్క్ ముందుకు జరగదు. ఇంజిన్ బరువుగా లాగుతుంది, వేడెక్కుతుంది, సైలెన్సర్లో పేలుతుంది.

మూడు, షాఫ్టుని అటూ ఇటూ ఊపండి. బుష్ అరిగి ఊగుతుంటే గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా పడుతుంది. డ్వెల్ మీటర్ పెట్టి రేస్ ఇచ్చినప్పుడు మూడు డిగ్రీలకి మించి మారుతుంటే బుష్ మార్పించకుండా ఏ ట్యూనింగూ నిలవదు.

క్యాప్ లోపల సన్నటి నల్లటి గీత పెన్సిలుతో గీసినట్టు ఉంటే అది కరెంటు నడిచిన దారి. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే. చీకట్లో ఇంజిన్ నడిపి వైర్ల వెంబడి చూస్తే లీకయ్యే చోట నీలి మెరుపులు దొరుకుతాయి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) చాలా ఇంజిన్లకి 1-3-4-2, కొన్నింటికి 1-2-4-3. ప్లగ్గులు మార్చినప్పుడు వైర్లు తీసి పెట్టారు కాబట్టి రోటర్ తిరిగే దిక్కు చూసుకుని ఇంకోసారి లెక్కపెట్టండి.

టైమింగ్ లైట్ ఉంటే వ్యాక్యూమ్ పైపు ఊడదీసి మూసి, స్లోలో పుల్లీ మీది గుర్తు చూడండి, తర్వాత మెల్లగా రేస్ ఇస్తూ గుర్తు ముందుకు నడుస్తోందా చూడండి. నడవకపోయినా, గంతులేసినా పైన చెప్పిన బరువులూ బుష్షులే కారణం. లైట్ లేకపోతే, డిస్ట్రిబ్యూటర్ వైపు వెళ్లే కాయిల్ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య 12 వోల్టుల బల్బు పెట్టి, కీ ఆన్ చేసి, ఇంజిన్ చేత్తో తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిపోయిన క్షణం. అది పుల్లీ మీది గుర్తుతో కలవాలి. కీ ఆన్‌లో వదిలేసి టీకి వెళ్లకండి, పాయింట్లు మూసి ఉంటే కాయిల్ కాలుతుంది. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని నోటితో పీల్చండి, ప్లేటు కదిలి, నాలుకతో మూస్తే అలాగే నిలబడాలి. గాలి వచ్చేస్తే లోపలి డయాఫ్రం చిరిగింది. అది అడ్వాన్స్ పోవడమే కాదు, మానిఫోల్డుకి ఒక గాలి చిల్లు కూడా.

అక్కడినుంచే గాలి లీకుల సంగతికి వద్దాం. మీ లక్షణాలు చూస్తే, కరెంటు వైపు దొరికినా దొరకకపోయినా, ఇక్కడ ఏదో ఒకటి ఉండి తీరుతుందని నా అంచనా. చోక్‌తో బాగుండటం, అది తీయగానే తన్నడం, స్లోలో నిలబడకపోవడం, మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందులో దొంగదారిన వచ్చే కొంచెం గాలి కూడా మిశ్రమాన్ని పాడుచేస్తుంది. వేగంగా పోతున్నప్పుడు అదే చిల్లు లెక్కలోకి రాదు.

వ్యాక్యూమ్ గేజ్ దొరికితే మానిఫోల్డుకి తగిలించండి. ఆరోగ్యంగా ఉన్న మామూలు ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తూ ముల్లు నిలకడగా ఉంటుంది. నిలకడగానే ఉండి బాగా కిందకుంటే లీకో, లేటు టైమింగో. లయగా టకటకా కొట్టుకుంటుంటే వాల్వు. నెమ్మదిగా అటూ ఇటూ తేలుతుంటే మిశ్రమం. రేస్ ఇచ్చి పట్టుకుంటే అంతకంతకూ పడిపోతుంటే సైలెన్సర్ మూసుకుపోయింది, నిలబడిన బండి గొట్టంలో ఎలుక గూడు కట్టడం వింతేమీ కాదు.

లీకు వెతకడానికి మానిఫోల్డుకి వెళ్లే రబ్బరు గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా శ్రావణంతో మెల్లిగా నొక్కిపట్టండి, పళ్లకి గుడ్డ చుట్టి. బ్రేక్ బూస్టర్ గొట్టం ముందు, తర్వాత క్రాంక్‌కేస్ ఊపిరి గొట్టం. దేన్ని నొక్కితే ఇంజిన్ తేరుకుంటుందో అక్కడ వెతకాలి. గ్యాస్కెట్ల దగ్గర చాలామంది కార్బురేటర్ క్లీనర్ కొడతారు. అది మండే ద్రవం, పక్కనే ఎర్రగా కాగే ఎగ్జాస్ట్. నేనైతే ముందు నీళ్ల స్ప్రేతో మొదలుపెడతాను. లీకున్న చోట నీళ్లు పడితే ఇంజిన్ ధోరణి ఒక్క క్షణం మారుతుంది. సిగరెట్ పొగలాంటిదేదైనా ఊదే పరికరం ఉంటే అన్నిటికంటే మేలు.

కిట్ వేశారన్నారు కాబట్టి కార్బురేటర్ కింది గ్యాస్కెట్‌ని మళ్లీ విప్పి చూడండి. కిట్లలో ఒకేలా కనబడే రెండు మూడు గ్యాస్కెట్లు పెడతారు. తప్పుది పడితే ఒక సన్నటి దారి మూసుకుపోతుంది, లేదా తెరుచుకుంటుంది. బోల్టులు అతిగా బిగించి వంగిపోయిన ఫ్లాంజ్ మీద ఎంత కొత్త గ్యాస్కెట్ వేసినా లీకే. స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురు కనబడుతోందా చూడండి. ఆ తర్వాత థ్రాటిల్ కడ్డీని పట్టి పైకీ కిందకీ ఊపండి. లెక్కకి మించి ఆడుతుంటే కిట్ దాన్ని బాగుచేయదు, బుష్షులు వేయించాలి.

పెట్రోలు రాక. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు గొట్టం పగిలితే పెట్రోలు కారదు, గాలి దూరుతుంది, అందుకే బయటికి తడి కనబడదు. గొట్టం కార్బురేటర్ దగ్గర ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టండి. బుడగలు లేకుండా బలంగా, నాడి కొట్టుకున్నట్టు రావాలి. బుడగలొస్తే వెనక గొట్టం చూడండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరుని ఉబ్బించి పొట్టులా రాలుస్తుంది, ఆ పొట్టు వెళ్లి జెట్లలో (పెట్రోలుని కొలిచి వదిలే సన్నటి రంధ్రాల్లో) కూర్చుంటుంది. ఇథనాల్ పెట్రోలుకి తగిన గొట్టాలే వేయండి. ఇంకో సంగతి. శుద్ధ పెట్రోలు ఒక వంతు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ కలిస్తే అది 14.1 దగ్గరికొస్తుంది. అంటే అప్పుడు పాత జెట్లతోనే బండి నాలుగు శాతం పల్చగా నడుస్తుంది. ఒక్క దీనివల్లే వెనక్కి తన్నదు, కానీ అంచున ఉన్నదాన్ని అంచు దాటిస్తుంది.

ఇప్పుడు కార్బురేటర్. స్లో జెట్టు రంధ్రం చాలావాటిలో అర మిల్లీమీటరు లోపే. ఎండిపోయిన పెట్రోలు వార్నిష్ అక్కడ పొరలా అంటుకుంటుంది, కిట్ వేసినవాళ్లు గ్యాస్కెట్లు మార్చి జెట్టుని ఊది పెట్టేస్తారు. జెట్టు ఒక్కటే కాదు, అది తెరుచుకునే దారులూ, థ్రాటిల్ పలక అంచున ఉండే చిన్న చిల్లులూ శుభ్రపడాలి. ఇనుప తీగ దూర్చకండి, ఇత్తడి రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ పోసి, గాలి కొట్టి, వెలుతురుకి పెట్టి చూడండి. స్లో దారి మూసుకుపోయిందని చెప్పే గుర్తు ఒకటుంది. ఇంజిన్ ఆగకుండా ఉండటానికి స్పీడు స్క్రూని బాగా లోపలికి తిప్పాల్సొస్తుంది, మిక్చర్ స్క్రూని పూర్తిగా మూసినా ఇంజిన్‌లో మార్పుండదు. కొన్ని కార్బురేటర్లకి స్లో జెట్టు మీద కరెంటుతో తెరుచుకునే వాల్వు ఉంటుంది. కీ ఆన్ చేసి దాని వైరు తీసి పెడితే క్లిక్‌మనాలి. ఆ వైరు ఊడిందని తెలియక ఇంజిన్ విప్పేసేవాళ్లూ ఉంటారు.

తొక్కగానే తన్నుతున్నందుకు యాక్సిలరేటర్ పంపు కూడా చూడాలి. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ తీసి, లోపలికి చూస్తూ లివర్ తొక్కండి. తొక్కిన మరుక్షణమే సన్నటి బలమైన ధార రావాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా రాలినా డయాఫ్రమో, కింద ఉండే చిన్న బంతి వాల్వో పనిచేయడం లేదు. మీ కార్బురేటర్ ఎస్‌యూ రకమైతే అందులో పంపు ఉండదు. పైన టోపీలో నూనె ఉందో లేదో చూడండి, నూనె లేకపోతే పిస్టన్ ఒక్కసారిగా లేచి మిశ్రమం పల్చబడి ఇలాగే తంతుంది. స్ట్రాంబర్గ్ అయితే రబ్బరు డయాఫ్రం చిరిగిందేమో. గిన్నెలో పెట్రోలు మట్టం కాపాడే ఫ్లోట్‌ని తీసి చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోలు గళగళమంటే అది మునిగిపోయి పొంగిస్తోంది. దాని లక్షణం మీకు వేరుగా ఉంటుంది: నల్ల పొగ, పెట్రోలు వాసన, వేడిగా ఉన్నప్పుడు మొరాయించి స్టార్టవడం.

కాలు తీసినప్పుడు సైలెన్సర్లో వచ్చే ఢామ్ గురించి చెప్తానన్నాను. థ్రాటిల్ మూసుకుని ఇంజిన్ ఇంకా తిరుగుతుంటే లోపలికొచ్చే మిశ్రమం చాలా తక్కువ, అది సరిగ్గా అంటుకోదు. కాలనిది బయటికొస్తుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డు జాయింటు దగ్గర చిల్లు ఉంటే అక్కడినుంచి గాలి దూరి పేలుతుంది. జాయింటు చుట్టూ మసి గీతలు చూడండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే, వేడెక్కకముందే, గుడ్డతో గొట్టం చివర మూసి చూస్తే చిల్లున్న చోట బుస్‌మంటుంది. స్లో మిశ్రమం సరిపడితే ఇది చాలావరకు దానంతటదే తగ్గుతుంది, అందుకే దీన్ని చివరికి వదిలాను. శబ్దం భయపెడుతుంది కానీ మీ మూడింటిలో ఇదే తక్కువది. పెద్దదైతే మాత్రం సైలెన్సర్ పొట్ట పగులుతుంది.

వేడెక్కాక ఆగిపోవడం గురించి ఇంకో మాట. ఆగిన చోటే, ఆగిన వెంటనే చూస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. ఇంటికి లాక్కొచ్చేసరికి అంతా చల్లారి సాక్ష్యం పోతుంది. కీ తిప్పి ఆపినట్టు టక్కున ఆగితే కరెంటు, దగ్గి దగ్గి ఊగుతూ ఆగితే పెట్రోలు. కాయిల్ నుంచి పనిచేసే ఆర్‌పీఎం మీటర్ ఉంటే ఆ క్షణంలో ముల్లు చూడండి, బండి ఇంకా దొర్లుతూ ఇంజిన్ తిరుగుతుండగానే ముల్లు సున్నాకి పడితే పాయింట్లకి కరెంటు ఆగిపోయింది. ఆగాక వెంటనే ఫిల్టర్ తీసి లివర్ తొక్కండి, ధార వస్తే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే, ఇక స్పార్క్ చూడండి. ధార రాకపోతే ట్యాంకు మూత విప్పండి. బుస్‌మని గాలి పీల్చుకుని బండి మళ్లీ నడిస్తే ట్యాంకు గాలి దారి మూసుకుపోయింది. అదీ కాకపోతే గొట్టం ఎగ్జాస్ట్ పక్కనుంచి పోతూ పెట్రోలు ఆవిరవుతోంది, గొట్టం దూరం జరపాలి, కార్బురేటర్ కింద వేడి ఆపే మందపాటి దిమ్మ ఉండాలి. చలిగా తేమగా ఉన్న రోజుల్లో, 10 డిగ్రీల ప్రాంతంలో కూడా, కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుని ఇలాగే ఆగుతుంది. అయిదు నిమిషాలు వదిలేస్తే కరిగిపోయి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

స్టార్టవుతూనే, కీ వదలగానే ఆగిపోతే మాత్రం ఇవేవీ కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి ఒక దారిలో కరెంటు వస్తుంది, తర్వాత కరెంటు తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ మీదుగా. ఆ రెసిస్టరో కీ స్విచ్చో తెగింది.

ఇవన్నీ అయ్యాకే మిక్చర్ స్క్రూ. మెల్లిగా చివరిదాకా మూసి, బిగించకుండా, చుట్టున్నర వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. చాలా కార్బురేటర్లకి అక్కడ ఇంజిన్ నిలబడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉండాలి. స్లో స్పీడు కొద్దిగా తగ్గించి, వ్యాక్యూమ్ ముల్లు అన్నిటికంటే పైకొచ్చే చోటు వెతకండి, అక్కడినుంచి చిక్కబరిచే వైపు కొద్దిగా. కొన్నింటిలో ఆ స్క్రూ పెట్రోలుని కాకుండా గాలిని కొలుస్తుంది, అప్పుడు దిక్కు తిరగబడుతుంది. పుస్తకంలో చూసుకోండి.

పని చేశాక నాకు కావాల్సినవి ఇవి: నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, స్లోలోనూ రేస్‌లోనూ డ్వెల్, ఒక అరగంట నడిపి వెంటనే విప్పిన నాలుగు ప్లగ్గుల రంగు. లేత గోధుమ రంగైతే సరే, సున్నం తెలుపైతే ఇంకా పల్చగా ఉంది, పొడి మసైతే చిక్కన. నాలుగింటిలో ఒకటే తేడాగా ఉంటే ఏ సిలిండర్‌దో రాయండి. కొసనున్న సిలిండర్‌దైతే నేను ముందు ఆ పక్క మానిఫోల్డు గ్యాస్కెట్ విప్పమంటాను.